తెల్లకొండ నెక్కిన పండితుడు

తెలుగునాట కొండ యన్నంతనే దేవుడు తలపునకు వచ్చును. తిరుమల, శ్రీశైలము, సింహాచలము, యాదగిరి మొదలగునవి భక్తులు మ్రొక్కు చెల్లించుటకై మెట్లెక్కి దర్శించుకొను పుణ్యస్థలములు. ఇట్లు భక్తితో కొండ నెక్కుట మన దేశమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. కొండను గూర్చి తెలిసికొనుటకే కొండ నెక్కుట అను పని మాత్రము లోకమున చాల కాలమునకు గాని మొదలు కాలేదు. ఎత్తునకు పోయినకొలది గాలి యెట్లు మారును? నీరు ఎంత వేడికి మరగును? ఆకాశపు వన్నె యెట్లుండును? మనుష్యుని గుండె యెంత వేగముగా కొట్టుకొనును? ఇట్టి ప్రశ్నలను వెంటగొని మంచుకొండ శిఖరమును చేరిన తొలితరమువారిలో ముఖ్యుడు ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్. కొండలెక్కుట ఆతని వృత్తి కాదు. ఆతడు గ్రంథముల నడుమ పెరిగిన పండితుడు. ఒక కొండను కన్నులారజూచి, దాని శిఖరముపై కాలు మోపుటకు 27 సంవత్సరములు కాచుకొనెను. తుదకు పల్లెటూరి వేటగాండ్రను, రైతులను ముందిడుకొని, వారి యడుగులలో అడుగులు వేయుచు దానిని చేరెను.

సొస్యూర్ 1740 ఫిబ్రవరి 17వ తేదీన జెనీవా నగర సమీపమున కోంష్ అను చోట జన్మించెను. జెనీవా నేడు స్విట్జర్లాండులోని నగరము. ఆ నాడది స్వతంత్రమైన చిన్న రాజ్యము. ఆతని తండ్రి వ్యవసాయమును గూర్చి గ్రంథములు వ్రాసినవాడు. తల్లి సోదరి భర్తయగు శార్ల్ బోనె పురుగుల జీవితమును, చెట్ల యాకులను పరిశీలించి పేరుగాంచిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు. ఇట్టి యింట పుట్టిన బాలునకు చిన్ననాటనే మొక్కలపైనను రాళ్లపైనను ఆసక్తి కలుగుటలో వింత లేదు. ఆ కాలపు గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడైన హాలర్‌తో ఆతనికి పరిచయము కలిగెను. అరుదైన మొక్కలను సేకరించి హాలరునకు పంపుటకై ఆ యువకుడు చుట్టుపట్ల కొండలన్నింటిని కాలినడకన తిరుగుచుండెను.

జెనీవా నగరమున నిలిచి, మబ్బులేని దినమున ఆగ్నేయదిశగా చూచినచో, దూరమున ఆకసము నంటుచున్నట్లు తెల్లని శిఖర మొకటి కానవచ్చును. అదియే మౌంట్ బ్లాంక్. ఆ పేరునకు తెల్లకొండ యని యర్థము. ఆల్ప్స్ పర్వతములలో అదియే మిక్కిలి యెత్తైనది. దాని యెత్తు సుమారు 4,808 మీటర్లు. మన తిరుమల కొండవంటి కొండలను నాలుగింటిని ఒకదానిపై నొకటి నిలిపినను దాని శిఖరము నందుకొనజాలవు. ఏడాది పొడవున దానిపై మంచు కరగదు. దాని పాదమున నున్న షామొనీ లోయలోని జనులు ఆ కొండల నడుమ నొక శిఖరమునకు శాపగ్రస్త పర్వతమని పేరు పెట్టుకొనిరి. కొండమేకలను వేటాడువారును, స్ఫటికములను ఏరుకొని యమ్ముకొనువారును కొంత యెత్తు వరకు పోయెడివారే కాని, శిఖరమును చేరవలెనన్న తలంపు వారికి లేకుండెను. అక్కడ బంగారము లేదు, గడ్డి లేదు, వేట లేదు. ప్రొద్దు క్రుంకిన పిదప ఆ మంచుపై చిక్కుకొనినవాడు తెల్లవారువరకు బ్రతుకజాలడని అందరి నమ్మకము. ఒక్క దినములో ఎక్కి దిగుట యసాధ్యము. రాత్రి నిలుచుట మరణము. కావున ఆ కొండ దుర్గమముగానే యుండిపోయెను.

1760వ సంవత్సరమున, తన యిరువదియవ యేట, సొస్యూర్ జెనీవా నుండి దాదాపు 80 కిలోమీటర్లు నడచి షామొనీ చేరెను. ప్యేర్ సిమోన్ అను పల్లెవాసిని మార్గదర్శిగా నియమించుకొని, తెల్లకొండకు ఎదురుగా నున్న బ్రెవాన్ అను కొండ నెక్కెను. అక్కడి నుండి చూడగా తెల్లకొండ పాదము మొదలు శిఖరము వరకు ఒక్కసారిగా ఆతని కన్నులయెదుట నిలిచెను. పగుళ్లువారిన మంచునదులును, నిలువుగా లేచిన రాతిగోడలును, వాని నన్నింటిని మించి ప్రశాంతముగా వెలుగుచున్న గుండ్రని శిఖరమును చూచి ఆతని మనస్సు అచ్చటనే లగ్నమైపోయెను. తెల్లకొండ శిఖరమునకు దారి కనుగొనినవారికి మంచి బహుమాన మొసంగుదుననియు, ప్రయత్నించి విఫలులైనవారికిని ఆ దినముల కూలిని చెల్లింతుననియు ఆతడు ఆ లోయలోని గ్రామములన్నింట ప్రకటింపజేసెను. పేదవాడు కూలి పోగొట్టుకొని కొండ యెక్కజాలడని ఆ యువకుడు గుర్తించుట గమనింపదగినది.

కాని చాలకాలము ఎవ్వరును దారి కనుగొనలేదు. సొస్యూర్ 22 సంవత్సరముల ప్రాయముననే జెనీవా విద్యాపీఠమున తత్త్వశాస్త్రాచార్యుడయ్యెను. 1765లో వివాహము చేసికొని ముగ్గురు బిడ్డలకు తండ్రి యయ్యెను. చలికాలమున విద్యార్థులకు పాఠములు చెప్పుచు, వేసవి రాగానే సుత్తియు భారమితియు తీసికొని కొండలలోనికి పోవుట ఆతని యలవాటు. కొండ నుండి కొండకు తిరుగుచు రాళ్ల పొరలను పరీక్షించి, వాని పుట్టుకను గూర్చి యోచించుచు, చూచినదానిని చూచినట్లు ఆ దినముననే వ్రాసికొనుచుండెను. ఇట్లు వ్రాసిన విషయములతో ఆల్ప్స్ యాత్రలను గూర్చిన ఆతని మహాగ్రంథము 1779 మొదలు 1796 వరకు నాలుగు సంపుటములుగా వెలువడెను.

ఆతడు మంచి పనిముట్లను కల్పించుటయందును నేర్పరి. 1767లో ఒకదానిలో నొకటి యిమిడిన గాజుపెట్టెల నమర్చి, వానిని ఎండలో నుంచి, లోపలి వేడి నీరు మరగు వేడిని మించునట్లు చేసెను. నేడు మనము వాడు సౌరకుక్కరునకు ఆ పెట్టెయే పూర్వరూపము. మనుష్యుని తలవెండ్రుక తేమగాలిలో సాగుననియు, పొడిగాలిలో కురచయగుననియు గమనించి, ఆ వెండ్రుకతోనే గాలిలోని తేమను కొలుచు సాధనమును నిర్మించి, 1783లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇన్ని చేసినను ఆతని మనస్సున తెల్లకొండ ముల్లువలె నాటుకొనియే యుండెను. జెనీవాలో ఎచ్చట నిలిచినను కన్నులకు కనబడు ఆ శిఖరమును చూచినంతనే ఆతని హృదయమున బాధ కలుగుచుండెను. ఆ కోరిక తన కొక వ్యాధియైపోయినదని ఆతడే తరువాత తన గ్రంథమున ఒప్పుకొనెను.

1775 నుండి షామొనీవాసులు కొందరు ప్రయత్నములు చేసిరి. మంచుపై పడిన యెండ తిరిగి ముఖమును కొట్టుటచే కొందరు సొమ్మసిల్లిరి. 1783లో ప్రయత్నించి తిరిగివచ్చిన వారిలో నొకడు, మరల ఆ వైపునకు పోవలసివచ్చినచో తినుబండారముల మాట యటుంచి, ఒక గొడుగును, మూర్ఛ తేర్చు మందుబుడ్డియు మాత్రము చాలునని సొస్యూర్‌తో చెప్పెనట. బలాఢ్యుడైన కొండజాతివాడు చిన్న గొడుగును చేతబట్టుకొని మంచుకొండ నెక్కుట తలచుకొని సొస్యూర్‌కు నవ్వు వచ్చినను, ఆ కొండ యెంత కఠినమైనదో ఆ మాటవలననే ఆతనికి తెలిసెను. 1785 సెప్టెంబరులో ఆతడే స్వయముగా బూరీ యను చిత్రకారునితో కలిసి పడమటి వైపు నుండి ఎక్కజూచెను. కొత్తగా కురిసిన మంచు రాళ్లను కప్పివేసి యుండుటచే మార్గదర్శులు ముందునకు పోవుట మంచిది కాదనిరి. సొస్యూర్ మారుమాటాడక వెనుకకు మరలెను.

మరుసటి యేడు దారి తెలియవచ్చెను. జాక్ బాల్మా యను 24 ఏండ్ల యువకుడు స్ఫటికము లేరుకొనువాడు. 1786 జూన్ నెలలో ఆతడు తోడివారి నుండి విడిపోయి, రాత్రియంతయు ఒంటరిగా మంచుపైననే గడపి, మరునాడు ప్రాణములతో దిగివచ్చెను. మంచుపై రాత్రి నిలిచినవాడు చచ్చునను తరతరముల భయము దానితో తొలగిపోయెను. ఆ యూరిలోనే మిషెల్ గాబ్రియెల్ పక్కార్ అను యువవైద్యు డుండెను. ఆతడును ఎన్నియో యేండ్లుగా దూరదర్శనితో ఆ కొండను పరిశీలించి దారిని ఊహించుచుండెను. వీరిరువురును ఆగస్టు 7వ తేదీన బయలుదేరిరి. వారి చేతులలో ఇనుపమొన గల పొడవైన కర్రలు తప్ప వేరు సాధనములు లేవు. నడుమునకు త్రాడైనను లేదు. పక్కార్ మాత్రము భారమితిని వెంటగొనిపోయెను. 8వ తేదీ సాయంకాలము 6 గంటల 23 నిమిషములకు వారు శిఖరముపై నిలిచిరి. క్రింద ఊరిలోనివారు దూరదర్శనితో ఆ దృశ్యమును చూచిరి. వెన్నెల వెలుగున ఆ యిరువురును దిగిరి. మంచుకాంతిచే పక్కార్ కన్నులు తాత్కాలికముగా చూపు కోల్పోయెను.

బాల్మా వెంటనే జెనీవాకు పోయి ఈ వార్తను తెలిపి, 26 సంవత్సరముల క్రిందట ప్రకటింపబడిన బహుమానమును సొస్యూర్ చేతినుండి అందుకొనెను. ఆ ప్రాంతమును ఏలుచుండిన సార్డీనియా రాజును ఆతనిని సత్కరించెను. తన కంటె ముందు మరియొకరు శిఖరము చేరినందుకు సొస్యూర్ చింతింపలేదు. దారి యున్నదని తెలిసినదే ఆతనికి పరమానందము. అదే నెలలో షామొనీకి పరుగెత్తిపోయెను. కాని వానలును కొత్తమంచును అడ్డుపడుటచే తిరిగిరావలసి వచ్చెను. మరియొక సంవత్సరము కాచుకొనుట తప్పలేదు. అప్పటి కాతని వయస్సు 46 దాటెను.

1787 జూలైలో ఆతడు భార్యతోను, కుమారులతోను, మరదండ్రతోను షామొనీ చేరెను. ఇంటివారికి ఈ సాహసముపై భయమే కాని ప్రీతి లేదు. దాదాపు నాలుగు వారములు వాన విడువలేదు. తుదకు ఆగస్టు 1వ తేదీన ఆకాశము తేటపడగా, సొస్యూర్ 18 మంది మార్గదర్శులతోను, ఒక సేవకునితోను బయలుదేరెను. వారికి అగ్రగామి జాక్ బాల్మా. గుడారము, నిచ్చెన, త్రాళ్లు, కర్రలు, బొగ్గుల కుంపటి, గడ్డి, తిండిపదార్థములు, వీనికి తోడు భారమితులు, ఉష్ణమాపకములు, నీరు మరగించు పాత్ర మొదలగు శాస్త్రసాధనములును వారి వీపులపైన ఉండెను. ఆ బరువు చూచియే పదునెనమండుగురు కావలసివచ్చిరి. మొదటి రాత్రి వారు మంచునది యంచున నున్న రాతిగుట్టపై గుడారము వేసికొనిరి.

మరునాటి నుండి అసలు పరీక్ష మొదలయ్యెను. వేసవిలో చెరువు ఎండినపుడు అడుగున నెఱ్ఱెలు విచ్చుట మనము చూచియుందుము. మంచునదియు అట్లే పగిలి యుండును. కాని ఆ నెఱ్ఱెల లోతు చూపున కందదు. వానిపై పలుచని మంచుపొర కప్పుకొని యుండుటచే ఏది గట్టినేలయో, ఏది గోతియో తెలియదు. ముందుగా దారి పరీక్షింపబోయిన యొక మార్గదర్శి కాలిక్రింద మంచు విరిగి గోతిలోనికి జారెను. ఇరుప్రక్కల వారితో నడుమునకు త్రాడు కట్టుకొని యుండుటచే ఆతడు బ్రతికెను. అట్టి చోట శాస్త్రము చదివిన కన్ను కంటె మంచుతో పెరిగిన కాలు ఎక్కువ తెలిసినది. సొస్యూర్ ఆ సత్యము నెరిగినవాడు. వారు నిలువుమన్నచోట నిలిచెను, నడువుమన్నచోట నడచెను. ఇరుకైన యేటవాలు చోట్ల ఇద్దరు మార్గదర్శులు ముందొకడును వెనుకొకడునై పొడవైన కర్రను చెరియొక కొనను పట్టుకొని పోవుచుండ, ఆ కర్రయే పిట్టగోడగా దానిని పట్టుకొని ఆతడు నడచుచుండెను. అగాధమును చూచి తల తిరుగువారికి ఆతడొక యుపాయమును తెలిపియున్నాడు. అడుగు వేయుటకు ముందే ఆ లోతును మనసారా చూచి, దాని భయము మనస్సున అరిగిపోవువరకు నిలిచి, పిదప కదలవలెను. చూడకుండ కన్నులు మూసికొని పోవువానికే నడుమదారిలో భయము ముంచుకొనివచ్చునట.

రెండవ రాత్రి సుమారు 3,900 మీటర్ల యెత్తున మంచుమైదానముపై విడిది చేసిరి. గుడారము నిలుపుటకు మంచును త్రవ్వవలసివచ్చెను. ఏడెనిమిది గంటలు కొండ నడచినను అలసట యెరుగని ఆ బలశాలులు ఐదారు పారల మంచును ఎత్తివేయునంతనే ఊపిరాడక చతికిలబడిరి. కూలబడినవాని చేతిపారను మరియొక డందుకొనుచు పని ముగించిరి. ఆ యెత్తున గాలి పలుచనై యుండుటయే దీనికి కారణము. చుట్టును మంచే యైనను త్రాగుటకు చుక్కనీరు లేదు. చిన్న కుంపటిపై మంచును కరగించి 20 మంది దప్పి తీర్చుకొనుట దుర్ఘటమయ్యెను. రాత్రి గుడారమున ఊపిరి సలుపక సొస్యూర్ వెలుపలికి వచ్చి చూడగా, నల్లని యాకాశమున చంద్రుడు మిక్కిలి కాంతితో వెలుగుచుండెను. మంచుశిఖరములన్నియు ఆ కాంతిలో మెరయుచుండెను. ఇంతలో తాము మరునాడు ఎక్కవలసిన వాలున మంచుచరియ విరిగిపడిన మ్రోత వినవచ్చెను. అది విన్న పిదప నిద్ర యెవరికి పట్టును? అయినను తెల్లవారగనే మంచులో మెట్లు చెక్కుకొనుచు వారు ఆ వాలుననే ఎక్కిరి.

శిఖరము దాపున నడక మరింత కష్టమయ్యెను. పదునైదు పదునారు అడుగులు వేయునప్పటికి ఊపిరి తీసికొనుటకు ఆగవలసివచ్చుచుండెను. కొలది నిమిషములు నిలిచినచో బలమంతయు తిరిగివచ్చినట్లు తోచును. మరల పదునైదడుగులకు అదియంతయు హరించిపోవును. ఇట్లు ఆగుచు నడచుచు 1787 ఆగస్టు 3వ తేదీ పగలు 11 గంటల ప్రాంతమున సొస్యూర్ తెల్లకొండ శిఖరమును చేరెను. చేరినంతనే ఆతనికి కలిగినది సంతోషము కాదు. ఇన్నియేండ్లు తన్ను వేధించిన ఆ మంచును ఒకవిధమైన కోపముతో కాలితో మట్టెను. పిమ్మట ఆతని చూపు షామొనీ వైపునకు పోయెను. తాము శిఖరము చేరుట కనబడినంతనే జెండా నెత్తుదుమని ఇంటివారు మాట యిచ్చియుండిరి. దూరదర్శనితో చూడగా ఆ జెండా యెగురుచుండెను. తనకై కలతపడుచున్న భార్య మనస్సు కుదుటపడినదని తెలిసిన యా క్షణముననే ఆతనికి నిజమైన యానందము కలిగెను.

నాలుగు వైపుల పరికింపగా, అంతవరకు తాను విడివిడిగా చూచిన శిఖరములన్నియు ఒక్కచోట కనబడెను. ఏది దేనితో కలిసియున్నదో, ఏ వరుస యెటు పోవుచున్నదో, అనేక వర్షముల పరిశ్రమ తీర్పలేని సందేహములను ఒక్క చూపు తీర్చెను. పిమ్మట ఆతడు పనిలో దిగెను. సముద్రతీరమున మూడు గంటలలో ముగియదగిన ప్రయోగములు అక్కడ నాలుగున్నర గంటలకును ముగియలేదు. కదలకున్నంతసేపు బాగుగనే యుండును. సాధనముపై వంగి చూచునంతనే రొప్పు పుట్టును. నీరు మరగుటకు అరగంట పట్టెను. అదియు 100 డిగ్రీలకు గాక సుమారు 86 డిగ్రీల వేడికే మరగెను. ఆ యెత్తున పప్పు వండవలె నన్నచో అది మెత్తబడుటకు చాల యెక్కువసేపు పట్టును. నీలివన్నెలు తరతమముగా పూసిన కాగితములను ఆకాశముతో పోల్చి చూడగా, అక్కడి నీలము మిక్కిలి చిక్కనై యుండెను. షామొనీలో నిమిషమునకు 72 సారులు కొట్టుకొను ఆతని నాడి శిఖరమున విశ్రాంతిలో నున్నను 100 సారులు కొట్టుకొనెను. ఎవ్వరికిని ఆకలి లేదు. సారాయము సయితము వెగటయ్యెను. చల్లని నీరే అమృతప్రాయ మయ్యెను.

అదే సమయమున క్రింద షామొనీలో ఆతని పెద్దకుమారుడు తెయొడోర్, జెనీవాలో మిత్రుడు సెనెబ్యే భారమితులను చూచి వ్రాసికొనుచుండిరి. ఆ లెక్కలను సరిపోల్చి సొస్యూర్ కొండ యెత్తును నిర్ణయించెను. నేటి కొలతలకును దానికిని భేదము సుమారు 30 మీటర్లు మాత్రమే. మధ్యాహ్నము మూడున్నర గంటలకు, చేయవలసినది ఇంకను మిగిలియుండగనే, విందు ముగియకమునుపే లేచిపోవు అతిథివలె ఆతడు శిఖరమును విడిచెను. మూడవ రాత్రి వారు విశ్రమించిన రాతికి ఆతడు సుఖముగా తిరిగివచ్చిన రాయి యని పేరు పెట్టెను. 4వ తేదీన అందరును క్షేమముగా షామొనీ చేరిరి. ముఖములపై నల్లని పలుచని వస్త్రము కప్పుకొనుటచే ఎవరి కన్నులును చెడలేదు. తన వెంట వచ్చిన వారిలో ఒక్కనికైనను కీడు కలుగలేదని ఆతడు మిక్కిలి సంతోషించెను.

ఇంతటితో ఆతని పరిశ్రమ ముగియలేదు. మరుసటి యేడు, అనగా 1788 జూలైలో, కుమారుడైన తెయొడోరును వెంటగొని సుమారు 3,360 మీటర్ల యెత్తున నున్న కనుమపై 17 దినములు గుడారములో నివసించి, గాలి, ఎండ, తేమ, మెరుపులను రేయింబవళ్లు పరిశీలించెను. కాని ఫ్రాన్సు దేశమున 1789లో చెలరేగిన విప్లవమువలన ఆతని సంపద చాలవరకు నశించెను. 1794లో పక్షవాతము సోకెను. లోకమంతట పేరుగాంచినవాడు తుదిదినములలో లేమికి లోనయ్యెను. అయినను గ్రంథరచన మానలేదు. 1799 జనవరి 22వ తేదీన జెనీవాలో కన్నుమూసెను.

ఇక ఆతని కంటె ముందు శిఖరము చేరినవారి మాట. తాను ఎక్కలేకపోయిన కొండను ఊరివైద్యుడు ఎక్కెనని బూరీకి అసూయ కలిగెను. పక్కార్‌ను తక్కువచేసి, గొప్పతన మంతయు బాల్మాదే యనునట్లు ఆతడు వ్రాసి ప్రకటించెను. బాల్మాయు ముదిమియందు ఆ కథనే పెంచి చెప్పుకొనెను. 1834లో బంగారమును వెదకుచు కొండలలో పడి ఆతడు మరణించెను. 1887లో షామొనీలో ప్రతిష్ఠించిన కంచువిగ్రహమున బాల్మా శిఖరమును వ్రేలితో చూపుచుండ, సొస్యూర్ తలయెత్తి చూచుచున్నాడు. పక్కార్‌కు అందు చోటు లేకపోయెను. ఆ దినమున దూరదర్శనితో చూచినవారు వ్రాసికొనిన లెక్కలను ఇరువదవ శతాబ్దమున పరిశోధకులు వెలికితీసిన పిదప, వైద్యుడును సమానముగా శ్రమించెనని రుజువయ్యెను. 1986లో ఆతనికిని షామొనీలో విగ్రహము నిలిపిరి. సత్యము ఆలస్యముగా వచ్చినను రాక మానలేదు. కాని దానికి రెండు వందల యేండ్లు పట్టెను.

సొస్యూర్ యాత్రను గూర్చి చదివిన యూరపు ఖండవాసులు వేలకొలది షామొనీకి రాసాగిరి. దారి చూపుట ఆ లోయవారికి గౌరవప్రదమైన వృత్తి యయ్యెను. 1821లో వారు మార్గదర్శుల సంఘమును స్థాపించుకొనిరి. అది నేటికిని నడచుచున్నది. గడ్డియు వేటయు లేని వట్టి మంచు ఆ పల్లెలకు జీవనాధార మయ్యెను.

హిమాలయములలో మిక్కిలి యెత్తున పూయు బ్రహ్మకమలమును గూర్చి మనము వినియున్నాము. మన పెరళ్లలో రాత్రివేళ పూయు జెముడుజాతి పువ్వును కూడ ఆ పేరుతోనే పిలుతురు గాని, అది వేరు. కేదార బదరీ ప్రాంతములలో దేవునకు సమర్పించు ఆ నిజమైన బ్రహ్మకమలమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాసూరియా ఆబ్వల్లాటా. సొస్యూర్‌కును, మొక్కల ఆహారమును గూర్చి పరిశోధించి తండ్రి వలెనే ఖ్యాతి గడించిన తెయొడోరునకును గుర్తుగా ఆ మొక్కల జాతికి వారి పేరు నుంచిరి. జీవితమున ఏనాడును హిమాలయములను చూడని పండితుని పేరు హిమాలయపుష్పమున నిలిచియుండుట విశేషము.

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు దారిలో తాడ్వాయి యను గ్రామ మున్నది. అక్కడి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకొనిన మాలావత్ పూర్ణ యను గిరిజన బాలిక, 14 ఏండ్లు నిండకమునుపే, 2014 మే 25వ తేదీన 8,848 మీటర్ల యెత్తైన ఎవరెస్టు శిఖరము నెక్కెను. మంచును పుస్తకములలో తప్ప ఎరుగని ప్రాంతపు పిల్ల ఆమె. భువనగిరి గుట్టపై మొదటి పాఠములు నేర్చి, గురువులు చెప్పినది విని, హిమాలయములలో షెర్పాల వెంట అడుగులో అడుగు వేసి ఆమె ఆ శిఖరమును చేరెను. సొస్యూర్ ధనవంతుడు, ఆచార్యుడు. పూర్ణ వ్యవసాయకూలీల బిడ్డ. ఇరువురి నడుమ రెండు వందల యిరువదియేడు సంవత్సరముల యెడము. అయినను ఇరువురును కొండకు పోయినది ఒక్క తీరుననే. దారి తెలిసినవాడు ఎవడైనను, ఏ కులమువాడైనను, ఏమి చదివినవాడైనను, ఆ దారిలో వాడే గురువు. ఆతని మాట విని నడచువానికి కొండ చోటిచ్చును.